కిటికీలు ఆఖరున కోసిన విమానం

మొన్న నంద్యాలలో కొత్తగా ఇళ్ళకూ వెంచర్లకూ చిన్న నమూనా మోడళ్ళు చేసే షాపు తెరిచినవాళ్ళు నన్ను పిలిచి, ఒక పూట మా పిల్లలతో మాట్లాడమన్నారు. పోయాను. పనిలో చేరినవాళ్ళంతా పాతికేళ్ళ లోపువాళ్ళే. మంచి పిల్లలు. మొట్టమొదట వాళ్ళు నన్ను అడిగింది, మా రోజుల్లో ఏ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళమని. స్టీలు స్కేలు వాడేవాళ్ళం అన్నాను. నవ్వారు. ఆ పూట చెప్పాల్సింది సగం కూడా చెప్పలేకపోయాను. ఎదురుగా మనుషులుంటే నాకు కోపం తొందరగా వస్తుంది, చెప్పాలనుకున్నది పక్కకు పోతుంది. కాగితం మీదైతే నన్ను ఎవరూ మధ్యలో ఆపరు. అందుకే రాస్తున్నాను.

రుద్దుడు పని

ముందు ఒక నిజం చెబుతాను. ఈ పనిలో కోయడం కొంచెం, అతికించడం కొంచెం, మిగతాదంతా రుద్దడమే. రుద్దడం చిన్నతనం అనుకునేవాళ్ళు ఇప్పుడే వేరే పని చూసుకుంటే అందరికీ మంచిది.

నాకది చిన్నప్పుడే అబ్బింది. మాది ఆళ్ళగడ్డ. శిల్పుల వీధిలో పుట్టాను, నన్ను ఆ వీధిలోనే ఇచ్చారు. మా దగ్గర మగవాళ్ళు రాయి చెక్కుతారు, ఆడవాళ్ళు రుద్దుతారు. నీళ్ళు పోసుకుంటూ, గరుకు రాయితో మొదలుపెట్టి నున్నటి రాయి దాకా, విగ్రహం బుగ్గ మీద వెలుగు నిలిచేదాకా రుద్దుతూనే ఉండాలి. ఎంత రుద్దినా ఉలి మాత్రం ముట్టనివ్వరు. ఎందుకని మా అత్తను అడిగితే, అదంతే అంది. ఆమె అత్త కూడా ఆమెకు అదే చెప్పి ఉంటుంది.

పెళ్ళయిన కొన్నేళ్ళకు మా ఆయనకు రాతి దుమ్ము ఊపిరితిత్తులకు పట్టింది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. ఉలి పక్కన పెట్టేయమని డాక్టరు చెప్పాడు. ఇల్లు గడవాలి. అప్పుడు నేను నంద్యాలలో ఓబులేసన్న షాపులో చేరాను. పొద్దున ఆళ్ళగడ్డలో బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేదాన్ని.

దుమ్ము మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ప్లాస్టిక్ దుమ్ము కూడా దుమ్మే. తడిపి రుద్దండి. మూతికి గుడ్డ కట్టుకోండి. షీట్లు అతికించే క్లోరోఫాం సీసా మూత తీసిపెట్టి, తలుపు మూసుకుని కూర్చునేవాడు మొనగాడేమీ కాదు, తిక్కలోడు. మా ఇంట్లో రాత్రంతా దగ్గే మనిషిని పెట్టుకుని చెబుతున్నాను.

ఓబులేసన్న

ఓబులేసన్నది కూడా మా వీధే. రాయి పని వదిలేసి నంద్యాల వచ్చి, ప్లాస్టిక్ షీట్లతో మోడళ్ళు చేసే షాపు పెట్టాడు. అవుకు రిజర్వాయరు, అపార్టుమెంట్లు, వెంచర్ల ప్లాట్లు, కల్యాణ మండపాలు, ఏది అడిగితే అది. ఆయన అన్న సుబ్బయ్య ఆళ్ళగడ్డలో పేరున్న శిల్పి. తమ్ముడు బొమ్మలాట పెట్టుకున్నాడని నలుగురిలో అనేవాడు. ఆ మాట ఓబులేసన్నకు ఎంత గుచ్చుకుందో ఆయన ఏనాడూ చెప్పలేదు గానీ, పండక్కి ఆళ్ళగడ్డ రమ్మంటే ఏదో ఒక పని అడ్డం పెట్టేవాడు.

యజమానిగా ఆయన మంచివాడా అంటే, మంచివాడే, కానీ మెప్పు అన్నది ఆయన నోట ఎప్పుడూ విన్నది లేదు. పని బాగుంటే మాట్లాడడు. బాగా లేకుంటే దాన్ని తీసుకుపోయి చెత్తబుట్టలో వేసి, టీ తాగడానికి పోతాడు. నేను చేసిన మొదటి మూడంతస్తుల మేడ అట్లాగే పోయింది. ఒక మూల వెంట్రుకవాసి బయటికి వచ్చిందట. ఆ రోజు నేను బాత్రూములో ఏడ్చాను. ఇప్పుడు తలచుకుంటే, మూల బయటికి వచ్చిన మాట నిజమే గానీ అది నోటితో చెప్పి ఉండొచ్చు. మీరు రేపు యజమానులైతే నోటితో చెప్పండి.

వెంచర్ల వాళ్ళ గురించి ఒక మాట. వాళ్ళకు ప్లాట్ల కంటే చెట్లు ఎక్కువ కావాలి. అక్కడ పోయి చూస్తే తుమ్మ కంప తప్ప ఏమీ ఉండదు. మేము పచ్చరంగు స్పాంజి ముక్కలతో అడవులు నాటేవాళ్ళం. అందుకు నేనేమీ గర్వపడను.

ఓబులేసన్న రాయి వదిలినా రాయి పద్ధతి ఒకటి వదల్లేదు. విగ్రహానికి అన్నీ అయినాక ఆఖరున కళ్ళు తెరుస్తారు. కళ్ళు తెరిచే వరకూ అది రాయే, తెరిచినాక ఇంక ఉలి తగలకూడదు. ఆ కళ్ళు ఎవరు తెరిస్తే పని వాళ్ళది. ఒకడు ఆరు నెలలు చెక్కినా సరే, కళ్ళు ఇంకొకడు తెరిస్తే ఆ విగ్రహం ఆ రెండోవాడిది. విగ్రహం పీఠం ఎక్కే రోజు వీధిలో పెద్ద శిల్పి నలుగురి ముందూ అడుగుతాడు, కళ్ళు ఎవరు తెరిచారని. పేరు చెప్పినాక ఆ మనిషి భుజం మీద కొత్త కండువా వేస్తాడు. మా షాపులో కిటికీలే కళ్ళు. మేడైనా గుడైనా కిటికీలు ఆఖరున, ఓబులేసన్న ఒక్కడే పెట్టేవాడు. మేము అటువైపు పోకూడదు. మామూలు మోడళ్ళకు ఇందులో నష్టమేమీ లేదు, ఎందుకంటే కిటికీ అంటే గోడ మీద అతికించే నల్ల ముక్క, అంతే.

ఆరడుగుల రెక్క

ఈ విమానం పని మా షాపుకు తెచ్చిన జయరాజు సారుది దొర్నిపాడు. మిషను బడిలో చదువుకుని, వాయుసేనలో చేరి, విమానాల ఒళ్ళు బాగుచేసే ఫిట్టరుగా పనిచేసి వచ్చాడు. ఆయన చేతుల మీదుగా నడిచిన పాత డకోటా విమానాన్ని పెద్దదిగా చేయించి, ఊళ్ళో తాను చదివిన బడికి ఇవ్వాలని ఆయన కోరిక. ఆ పిల్లలు విమానం అంటే ఆకాశంలో తెల్లగీత అనుకుంటున్నారట.

"లోపలికి తొంగి చూడాలమ్మా పిల్లోల్లు. ఆడ బల్లలుంటాయి, పైలెట్ సీట్లుంటాయి. అది కనపడకుంటే నాకు ఈ పనే వొద్దు" అన్నాడు.

రెక్క కొన నుంచి కొనకు ఆరడుగులు. అంత పెద్దది మేమెప్పుడూ చేయలేదు. డబ్బాలో దొరికే ముక్కలు అతికించేది కాదిది. ఖాళీ షీటు నుంచి మొదలు. ఆయన తెచ్చిన విమానం ప్లాను నకళ్ళు గోడకు అంటించి, ఒళ్ళును అడ్డంగా కోస్తే కనపడే ఆకారాలన్నీ షీటు మీద గీసి, కోసి, పక్కటెముకల్లా ఒకదాని వెనక ఒకటి నిలబెట్టాం. వాటి మీద సన్నటి పట్టీలు, పట్టీల మీద పోస్టుకార్డు మందం షీటు చర్మంలా కప్పాలి. గుండ్రటి ముక్కుకు షీటు వంగదు. అక్కడ మందపాటి షీట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి అతికించి, లోపల బోలుగా తొలిచి, పైన రుద్దుతూ రూపు తెచ్చాను. ఆ ముక్కు నాదే. మా అత్త చూసి ఉంటే సంతోషపడేది. రివెట్లకు ఎండిపోయిన బాల్‌పెన్ను తీసుకుని, అతికించక ముందే షీటు వెనక నుంచి వరసగా అదిమాం.

పొరపాట్లు లేకపోలేదు. మొదటి రెక్కకు పైవైపు షీటంతా ఒక్కసారే అతికించి పొద్దుపోయిందని వెళ్ళిపోయాం. పొద్దున వచ్చి చూస్తే రెక్క అప్పడంలా మెలి తిరిగి ఉంది. క్లోరోఫాం ఆరేటప్పుడు షీటును లాగుతుంది. పైన ఒక పట్టీ అతికిస్తే వెంటనే కింద ఒక పట్టీ అతికించాలి, రెండు వైపులా లాగుడు సమానంగా ఉండాలి. ఇది ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు, ఒక రెక్క పోతే తెలుస్తుంది. మొదట చేసిన ముక్కు కూడా ఒకటి వంకర పోతే మూలన పడేశాం.

జయరాజు సారు వారానికోసారి దొర్నిపాడు నుంచి వచ్చేవాడు. ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చుని, ఏ చలిలో ఏ బోల్టు ఎట్లా బిగుసుకుపోయిందో చెప్పేవాడు. కిటికీలు ఎక్కడ అని ఒకసారి అడిగాడు. ఆఖరున అన్నాడు ఓబులేసన్న. ఈ పని పద్ధతి ఇదే కాబోలని ఆయన ఊరుకున్నాడు.

చెయ్యి

ఓబులేసన్న చెయ్యి వణుకుతోందని నాకు ఎట్లా తెలిసిందంటే, నేరుగా కోయాల్సిన పట్టీలన్నీ నా వైపు రావడం మొదలైంది. నాకు ఫోను మాట్లాడేది ఉంది, నువ్వు కొయ్యి అనేవాడు. ఫోను జేబులోనే ఉండేది. ఒకరోజు కట్టర్ పట్టుకున్న ఆయన వేళ్ళు చూశాను. బ్లేడు మొన స్కేలుకు తగులుతూ టిక టిక అంటోంది. ఆయన కూడా నేను చూడటం చూశాడు.

కర్నూలులో చూపించుకున్నానని, నరాల జబ్బని, మాత్రలతో కొంత తగ్గుతుంది గానీ పోదని తరువాత ఆయనే చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఈ విమానంతో షాపు మూసేస్తానన్నాడు. దొర్నిపాడు బడిలో దీన్ని పెట్టే రోజు అన్నను పిలుస్తానని, ఒక్క పనైనా అన్న ఎదుట నిలబెట్టి, కళ్ళు నేనే తెరిచానని చెప్పుకోవాలని ఆయన ఆశ. ఇప్పుడు వీధిలో పెద్ద శిల్పి ఆ అన్నే. ఇంతకాలం తమ్ముడి పనిని పని కాదన్న మనిషి చేత కండువా వేయించుకోవాలి. వేరే ఏమీ అడగలేదు ఆయన.

 మేడను చెత్తబుట్టలో వేసిన మనిషి మీద నాకున్న పాత కోపమంతా ఆ పూటతో పోయింది.

మూసేసిన ఒళ్ళు

లోపల బల్లలు, సీట్లు పెట్టాం. వెనక పెద్ద తలుపు ఒక్కటి తెరిచి ఉంచి, రెండు సగాలూ కలిపి మూశాం. పుట్టీ పెట్టి, రుద్ది, వెండిరంగు కొట్టాం. షాపంతా దాని మెరుపే. ఇక కిటికీలే మిగిలాయి. అప్పుడు గానీ మా ఇద్దరికీ బుర్ర వెలగలేదు.

ఈ కిటికీలు నల్ల ముక్కలు కావు. నిజంగా కోయాల్సిన రంధ్రాలు. బల్ల మీద షీటు పరిచి ఉన్నప్పుడే, కింద ఆనుడు ఉన్నప్పుడే వాటిని కోసేయాలి. మూసేసిన ఒళ్ళు మీద కోస్తే బ్లేడుకు వెనకాల ఏమీ ఉండదు. పక్క కిటికీల దగ్గర పోస్టుకార్డు మందం చర్మం, కొంచెం నొక్కితే లోపలికి విరిగిపోతుంది. ముందర పైలెట్ అద్దాల మధ్య నిలువు కమ్మీ అగ్గిపుల్లంత. అది విరిగితే ముక్కంతా పోయినట్టే. ఈ లోకంలో మోడళ్ళు చేసే వాళ్ళెవరూ చేయని పొరపాటు ఇది. ఆళ్ళగడ్డ వాళ్ళం కాబట్టే చేశాం. కళ్ళు ఆఖరున కదా.

 మరుసటి రోజు నుంచి ఓబులేసన్న నాకంటే ముందే వచ్చేవాడు. మూలన పడేసిన పాత ముక్కును ఒళ్ళో పెట్టుకుని దాని మీద కిటికీ కోసి చూసుకునేవాడు. నేను వచ్చేసరికి దాన్ని మళ్ళీ మూలన పెట్టి గుడ్డ కప్పేవాడు. ఒకరోజు ఆ గుడ్డ తీసి చూశాను. కమ్మీ విరిగి ఉంది. పక్కనే ఇంకో చోట మళ్ళీ గీసి, అక్కడా విరిగి ఉంది. ముక్కంతా అట్లాంటి గాట్లే.

ఆ వారం జయరాజు సారు వచ్చాడు. దాయడానికి ఏమీ మిగల్లేదు. ఓబులేసన్న చెయ్యి బల్ల మీద పెట్టి చూపించాడు. సారు ఆ చేతిని చూశాడు. తరువాత, పోనీలెండి, నల్ల రంగు పూసేయండి, పిల్లలకు విమానం ఉంటే చాలు అన్నాడు. ఆయన ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డాడో నాకు తెలిసింది. తొంగి చూడటానికే కదా ఆయన ఇదంతా మొదలుపెట్టింది.

"గుడ్డిదాన్ని నేనియ్యను సార్" అన్నాడు ఓబులేసన్న.

నేను కోస్తాననే మాట నా నోటి దాకా వచ్చింది. అంటే ఏమవుతుందో నాకు తెలుసు. విమానం నాదవుతుంది. ఆయన ఆశ పోతుంది. ఊరుకుంటే ఆయనే దాన్ని విరగ్గొట్టుకుంటాడు. నేను నీళ్ళ గిన్నెలో గుడ్డ పిండుతూ కూర్చున్నాను.

అప్పుడు జయరాజు సారు తన సర్వీసు సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఇదేం సమయం అనుకున్నాను.

"మా కాడ ఒక్కడి చెయ్యితో ఏ విమానం లెయ్యదప్పా. బోల్టు బిగిచ్చేటోడు ఒకడు. దాన్ని చూసి సరే అనేటోడు ఇంకొకడు. చూసినోడు సరే అనకుంటే, బిగిచ్చినోడు ఎంత మొనగాడైనా అది నేల మీదనే ఉంటాది. నేను ముందు బిగిచ్చినా, తర్వాత ముసిలోన్నయి చూసినా. రెండూ పనే" అన్నాడు.

 సారు బస్సుకు వెళ్ళిపోయాడు. షాపులో మేమిద్దరమే మిగిలాం.  కాసేపటికి ఓబులేసన్న లేచి, కొత్త బ్లేడు ఒకటి తీసి కట్టర్‌కు వేయబోయాడు. అది పెట్టడం కూడా కుదరక, నా ముందు పెట్టాడు.

"లచ్చిమీ, నువ్వు కొయ్యి. నేను చూస్తా" అన్నాడు.

మరుసటి రోజు పొద్దున వెలుగు బాగా పడే వేళకు కూర్చున్నాం. వెనక పెద్ద తలుపు గుండా చెయ్యి దూర్చి, అందని చోటికి కర్రతో తోస్తూ, కిటికీల వెనక తడి గుడ్డలు గట్టిగా కూరాను, బ్లేడుకు ఆనుడు ఉండాలని. నొక్కి కోయలేదు. గీసిన చోటే మళ్ళీ మళ్ళీ, బరువు వేయకుండా గీసుకుంటూ పోయాను. రుద్దిన చేతికి ఓపిక అలవాటే. ఓబులేసన్న కళ్ళద్దాలు పెట్టుకుని నా పక్కనే. "పో" అనేవాడు, "నిలువు" అనేవాడు. ఒకచోట "బిగబట్టొద్దు, ఊపిరి ఇడువు" అన్నాడు. నిజంగానే నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను. ఆయన ఎట్లా చూశాడో తెలియదు. చెయ్యి పోయినా ఆ చూపు పోలేదు. ఆయన ఆపకుంటే రెండుసార్లు బ్లేడు కమ్మీలోకి దిగేదే, అది నేను ఎవరి ముందైనా చెబుతాను.

ఆఖరి ముక్క ఊడి గుడ్డల మీద పడింది. గుడ్డలు లాగేసి, దులిపి, వెలుతురుకు తిప్పాం. లోపల బల్లలు కనిపించాయి, వరసగా, బుద్ధిగా. నాకు ఏడుపు వచ్చింది. ఆయన టీ తాగడానికి పోయాడు.

దొర్నిపాడు

విమానాన్ని బొలేరోలో పరుపుల మీద పడుకోబెట్టి తీసుకుపోయాం. బడి హాలులో ఫాదరు గారు ప్రార్థన చేశాక పిల్లల్ని వదిలారు. వాళ్ళు కిటికీల దగ్గర ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటుంటే జయరాజు సారు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన ముఖం చూస్తే మాట్లాడించబుద్ధి కాలేదు.

సుబ్బయ్య వచ్చాడు. తెల్లపంచె, చేతిలో మడత విప్పని కొత్త కండువా. తమ్ముడు పిలిచాడని వచ్చాడు, నమ్మకంతో కాదు. విమానం చుట్టూ తిరిగాడు. దాని ముక్కు మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా కిందికి జార్చాడు. వంగి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి నిలబడి, వీధిలో అడిగినట్టే నలుగురూ వినేట్టు అడిగాడు.

"కండ్లు ఎవురు తెరిచినారు?"

ఓబులేసన్న అని చెప్పడానికి నేను దారిలోనే సిద్ధపడి ఉన్నాను. అబద్ధమే, కానీ నాకు దానివల్ల పోయేదేమీ లేదు. నోరు తెరిచాను. నా కంటే ముందు ఆయనే అన్నాడు.

"లచ్చిమి."

సుబ్బయ్య నా వైపు చూశాడు. నేను ఆ వీధిలో రుద్దే దానిగానే ఆయనకు తెలుసు. ఆ కండువా ఆ వీధిలో ఎన్నడూ ఆడమనిషి భుజం మీద పడలేదు. ఆయనకు ఏం చేయాలో తోచలేదు, పాపం. ఒకసారి తమ్ముడి వైపు చూసి, మడత మడతగానే కండువాను, తాంబూలం ఇచ్చినట్టు, నా చేతుల్లో పెట్టబోయాడు.

ఓబులేసన్న వణికే చేత్తోనే అన్న మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"చేతికి గాదన్నా. మడత ఇప్పు. భుజమ్మీద ఎయ్యి."